కొండవార, జీడితోటల్లో సొంత కట్టుబడి: ముందు పనిషెడ్డు, తర్వాతే ఇల్లు

ఉత్తరాంధ్రలో మందస కొండల పక్క జీడితోట కావచ్చు, సాలూరు దాటాక పాచిపెంట వైపు మెట్ట భూమి కావచ్చు. తారు రోడ్డూ కరెంటు స్తంభమూ అర కిలోమీటరు అవతలే ఆగిపోయే జాగాలో ఇల్లు, దాంతోపాటు వెల్డింగుకో వడ్రంగానికో ఒక పనిషెడ్డు కట్టుకోవాలనుకునేవాళ్ళకు మేం గట్టిగా చెప్పే మాట ఒకటే: షెడ్డు ముందు కట్టండి. షెడ్డు నిలబడితే సిమెంటు తడవదు, ఇనుము తుప్పు పట్టదు, దూరం నుంచి వచ్చిన మేస్త్రులు రాత్రి అక్కడే పడుకుంటారు, ఇంటి తలుపులు, కిటికీలు, గ్రిల్లులు అక్కడే తయారవుతాయి. ఇల్లు ముందు మొదలుపెట్టినవాళ్ళు సగం సామాను టార్పాలిన్ కింద పోగొట్టుకుంటారు. పైగా ఆ నేల ఎలాంటిదో, ఆ బాటలో ట్రాక్టరు ఎంత బరువు లాగుతుందో, ఏ మేస్త్రి మాట మీద నిలబడతాడో షెడ్డు కట్టేసరికి తెలిసిపోతుంది. ఇంటికి ఆ లెక్కలన్నీ పనికొస్తాయి.

జాగా కొనే ముందు

ఏజెన్సీ గ్రామమా కాదా అన్నది మొదట తేల్చుకోండి. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం లాంటి మండలాల్లో షెడ్యూల్డు గ్రామాలకు 1/70 చట్టం వర్తిస్తుంది. గిరిజనేతరులకు అక్కడ భూమి బదిలీ చెల్లదు. నోటు రాసుకున్నా, బినామీ పేరు పెట్టుకున్నా ఆ కట్టడం మీకు దక్కదు. మండలం మొత్తం కాక ఊరివారీగా జాబితా ఉంటుంది కాబట్టి రెవెన్యూ గ్రామం పేరుతోనే చూసుకోవాలి. మైదానంలో అయితే జిరాయితీయా (సొంత పట్టా భూమి), డీ పట్టాయా (ప్రభుత్వం ఇచ్చిన అసైన్డు భూమి) చూడండి. ప్రభుత్వం ఇచ్చిన అసైన్డు భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. నిషేధిత భూముల 22ఏ జాబితాలో సర్వే నంబరు ఉంటే రిజిస్ట్రేషనే జరగదు. అడంగల్, 1బీ (భూమి రికార్డులు), ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీసుకుని, ఎఫ్‌ఎంబీ పటం (పొలం కొలతల పటం) పట్టుకుని సర్వేయరుతో హద్దులు కొలిపించండి.

కాగితాల్లో అందరూ వదిలేసేది బాట. "మా పొలం గట్టు మీంచి వెళ్ళండి బాబూ" అన్న పెద్దాయన మాట ఆయన ఉన్నన్నాళ్ళే. కొడుకులు పంచుకున్నాక ఆ గట్టు దున్నేస్తారు. కనీసం 12 అడుగుల వెడల్పు బాట హక్కు దస్తావేజులోనే రాయించుకోవాలి.

జాగాను ఎండాకాలంలో చూసి నిర్ణయం తీసుకోవద్దు. ఆగస్టు నుంచి అక్టోబరు లోపు, పెద్ద వాన పడిన మర్నాడు వెళ్ళండి. గెడ్డ (వాగు) ఎంతవరకు పొంగిందో పొదలకు చిక్కుకున్న చెత్త చెబుతుంది. ఆ గుర్తుకు కనీసం రెండడుగుల పైన బేస్‌మెంటు మట్టం ఉండాలి. కొండ వాలు నుంచి నీరు ఒక పాయగా దిగే నోటి దగ్గర కట్టకూడదు. ఎండాకాలంలో అది చక్కటి చదును నేలలా కనబడుతుంది, వానకు రాళ్ళూ మట్టీ అక్కడికే దిగుతాయి. కొమరాడ, జియ్యమ్మవలస, భామిని ప్రాంతాల్లో ఏనుగులు తిరుగుతాయి. వాటి దారి ఏదో ఊళ్ళో అడిగి తెలుసుకోండి. చెరకు, అరటి, వెదురు పొదలకు ఆనుకుని ఇల్లు వద్దు. ధాన్యం బస్తాలు, బెల్లం, ఇప్పపువ్వు పడక గదిలో నిల్వ చేయొద్దు, ఆ వాసనకు గోడలే తోసేస్తాయి. శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం తోటల్లో ఎలుగుబంట్ల బెడద ఉంది. పనస తొనల చెత్త, జీడిపండ్ల కుప్ప ఇంటి దగ్గర లేకుండా చూసుకోవాలి.

బరువు లెక్క

దూరపు కట్టుబడిలో ఖర్చును నిర్ణయించేది రవాణా. మట్టి బాటలో ట్రాక్టరు ట్రక్కుకు 3 టన్నులే లెక్క వేసుకోండి, అంతకు మించితే మెత్తటి చోట దిగబడుతుంది. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు షెడ్డుకు గోడలు, కప్పు కాక, పునాది గుంతలకూ గచ్చుకూ కలిపి ఇంత కావాలి: సిమెంటు 87 బస్తాలు, ఇసుక 165 ఘనపుటడుగులు, 20 ఎం.ఎం. పిక్క (కంకర) 325 ఘనపుటడుగులు, గచ్చు కింద పరిచే రాయి 300 ఘనపుటడుగులు. బరువు చూస్తే 39 టన్నుల దాకా వస్తుంది. అంటే గోడ లేవక ముందే 13 ట్రిప్పులు. బాట బాగుచేయడానికి నాలుగు లోడ్ల గ్రావెల్ ముందుగా పోయిస్తే దండగ అనుకోవద్దు. గెడ్డ దాటాల్సి ఉంటే 2 అడుగుల సిమెంటు తూములు రెండు పక్కపక్కన వేసి, వాటి మీద కనీసం అడుగు మందం గ్రావెల్ దిమ్మిస చేయించండి. మట్టి కప్పు తక్కువైతే లోడు ట్రాక్టరు చక్రం కింద తూము పగులుతుంది.

ఇసుక వంశధారదైనా నాగావళిదైనా ప్రతి లోడునూ సీసాలో వేసి చూడండి. సగం ఇసుక, పైన నీళ్ళు, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచాలి. ఇసుక మీద తేరిన ఒండ్రు పొర ఇసుక ఎత్తులో 8 శాతం దాటితే కడిగించాలి లేదా లోడు వెనక్కి పంపాలి. తీరం దగ్గరివాళ్ళు ఒడ్డు ఇసుక చవకని వాడితే అందులోని ఉప్పు నాలుగైదేళ్ళకే చువ్వలను తినేస్తుంది, స్లాబు కింద పెచ్చులు ఊడతాయి. నోట్లో వేసుకుంటే ఉప్పగా తగిలే నీళ్ళు కూడా కాంక్రీటులో పోయకూడదు.

సిమెంటు మూడు నెలలు నిల్వ ఉంటే బలంలో అయిదో వంతు దాకా పోతుంది. తీరం గాలికి ఇంకా తొందరగా గడ్డ కడుతుంది. ఒక దశకు సరిపడేంతే తెచ్చుకుని, నేల నుంచి ఆరంగుళాల ఎత్తున చెక్కల మీద, గోడకు అడుగు ఎడంగా, పది బస్తాలకు మించకుండా పేర్చండి. తీరం నుంచి ఏడెనిమిది కిలోమీటర్ల లోపు స్లాగ్ సిమెంటు మంచిది. అది మెల్లగా గట్టిపడుతుంది కాబట్టి తడపడం 14 రోజులు తప్పనిసరి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

సంక్రాంతి వెళ్ళగానే గుంతలు తవ్వాలి. మృగశిర కార్తె, అంటే జూన్ 8 నాటికి షెడ్డు మీద రేకు ఎక్కాలి. మధ్యలో కూలీలు దొరకని రోజులు తెలిసి ఉండాలి. ఉద్దానంలో మార్చి నుంచి మే దాకా జీడిపిక్కల పని, జూలై, ఆగస్టుల్లో వరి ఉభాలు (నాట్లు), నవంబరు, డిసెంబరుల్లో కోతలు. కాంక్రీటు లాంటి పది మంది పనులన్నీ ఫిబ్రవరిలోనే ముగించుకుంటే, ఎండాకాలంలో ఇద్దరు ముగ్గురితో అయ్యే వెల్డింగు, కప్పు పని చేసుకోవచ్చు. షెడ్డు మొదటి ఏడు, ఇల్లు రెండో ఏడు. ఒకే వేసవిలో రెండూ పెట్టుకుంటే రెండూ సగంలో తడుస్తాయి.

షెడ్డు: గాలికి ఎగరకుండా

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు రేకుల షెడ్లు కూలినవాటి కంటే ఎగిరిపోయినవే ఎక్కువ కనబడ్డాయి. కారణం లెక్కలోనే ఉంది. ఉత్తరాంధ్ర తీరానికి ఇంజనీర్లు పెట్టుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు 150 కిలోలు. చూరులతో కలిపి మన షెడ్డు కప్పు 70 చదరపు మీటర్లు, కాబట్టి దాన్ని పైకి లాగే బలం 10 టన్నులు. రేకు, ఇనుము అన్నీ కలిపినా కప్పు బరువు టన్నున్నర దాటదు. మేస్త్రులు గోడ బరువు మోయడానికి పునాది వేస్తారు. షెడ్డు పునాది అసలు పని కప్పును కిందికి పట్టి ఉంచడం.

నాలుగు ట్రస్సులు (కప్పును మోసే ఇనుప చట్రాలు), పదేసి అడుగుల దూరంలో, ఎనిమిది స్తంభాల మీద. ఒక్కో స్తంభాన్ని పైకి లాగేది సగటున టన్నుంబావు. గుంత 3 అడుగుల చదరం, 4 అడుగుల లోతు. అడుగున 10 ఎం.ఎం. చువ్వల జాలీ ఆరంగుళాల ఎడంతో రెండు వైపులా, కింద రెండంగుళాల సిమెంటు దిమ్మెల మీద ఎత్తిపెట్టి, అడుగున్నర మందం ఎం20 కాంక్రీటు. దాని మధ్య నుంచి అడుగు చదరం పెడెస్టల్ (పొట్టి కాంక్రీటు దిమ్మె) గచ్చు మీద ఆరంగుళాల దాకా లేవాలి. అందులో 12 ఎం.ఎం. చువ్వలు నాలుగు, 8 ఎం.ఎం. రింగులు ఆరంగుళాలకొకటి. ఈ నిలువు చువ్వల కింది కొసలు అడుగు పొడవున వంచి జాలీ కింద దూర్చాలి. వంచకుండా నిలబెడితే గాలికి పెడెస్టల్ ఒక్కటే ఊడి వస్తుంది. అడుగున పోసిన కాంక్రీటే 900 కిలోలు, దాని మీద రెండున్నర అడుగుల మట్టి ఇంకో 1,000 కిలోల పైన, మొత్తం రెండు టన్నులు. అవసరానికి మించి ఉందని గుంత తగ్గించకండి. తుఫానుకు నేల నీట మునిగితే మట్టి బరువు సగానికి పడిపోతుంది, తలుపు విరిగి గాలి లోపలికి చొరబడితే పైకి లాగే బలం పెరుగుతుంది. మట్టి ఆరంగుళాల పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టాలి. ఒకేసారి నింపేసిన గుంతలో మట్టి వదులుగా ఉండి బరువు పనికిరాదు.

ఎం20 అంటే ఒక వంతు సిమెంటుకు ఒకటిన్నర వంతు ఇసుక, మూడు వంతుల పిక్క. గమేళాలతో కొలిస్తే ఎవరి చెయ్యి వారిది. 12 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 15 ఎత్తున్న చెక్క పెట్టె చేయించండి, అది సరిగ్గా ఒక బస్తా సిమెంటు పరిమాణం. బస్తాకు పెట్టెన్నర ఇసుక, మూడు పెట్టెల పిక్క. నీళ్ళు 25 నుంచి 28 లీటర్లు, 30 దాటనివ్వొద్దు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. పని సులువవుతుందని కలాసీలు బకెట్టు ఎక్కువ పోస్తారు. ఆ ఒక్క బకెట్టుతో బలం బాగా పడిపోతుంది. ఒక బస్తాకు 4.4 ఘనపుటడుగుల కాంక్రీటు వస్తుంది, మీ కొలత దానికి బాగా ఎక్కువగా తేలితే కలపడంలో ఎక్కడో దొంగ లెక్క ఉన్నట్టే.

పెడెస్టల్‌లో 16 ఎం.ఎం. బోల్టులు నాలుగు, అడుగున్నర పొడవు, కింద ఎల్ వంపుతో. ఇవి చెక్క మూసలో బిగించి, నీళ్ళ పైపుతో మట్టం చూసి పోయాలి. రవ్వంత తేడా వచ్చినా పైన ట్రస్సు కూర్చోదు. ఎనిమిది జతలూ మూలల నుంచి మూలలకు టేపు పెట్టి కొలవండి, రెండు కర్ణాలూ సమానంగా ఉంటేనే కాంక్రీటు. స్తంభానికి 4 అంగుళాల బీ క్లాసు పైపు, కింద 10 ఎం.ఎం. మందం ప్లేటు. ట్రస్సు డ్రాయింగు మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరుతో గీయించుకోండి, ఫ్యాబ్రికేటరు అలవాటు మీద వదలొద్దు. రెండు చివరి ఖానాల్లో గోడలకూ కప్పుకూ ఇంటూ గుర్తు ఆకారంలో బ్రేసింగు లేకపోతే ట్రస్సులన్నీ ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి.

కప్పు వాలు 20 డిగ్రీలు, చూరు అడుగున్నరకు మించొద్దు. ఎండకు నీడ కావాలని నాలుగడుగుల చూరు పెడితే గాలి దాన్నే పట్టుకుని మొత్తం లేపుతుంది. నీడ కావాలంటే వరండా కప్పు విడిగా కట్టండి. అది పోయినా అసలు కప్పు మిగులుతుంది. పర్లిన్లకు (రేకు కింద అడ్డంగా వేసే దూలాలు) 60×40 ఎం.ఎం. ట్యూబు, 2.6 ఎం.ఎం. మందం, రెండున్నర అడుగులకొకటి, ఒక్కో వాలుకు ఆరు వరసలు. రేకు 0.5 ఎం.ఎం., అల్యూమినియం జింకు పూత చదరపు మీటరుకు 150 గ్రాములది. పొడవు 12 అడుగుల 3 అంగుళాలు, వాలుకు 10 చొప్పున 20 రేకులు. స్క్రూలు రేకు ఉబ్బు మీదే వేయాలి. చూరు, కొప్పు, రెండు చివర్ల దగ్గర ప్రతి ఉబ్బుకూ, మధ్యలో ఉబ్బు విడిచి ఉబ్బుకు. 600 స్క్రూలు తెచ్చుకోండి. రబ్బరు వాషరు కొంచెం నొక్కుకుంటే చాలు, చితికేదాకా బిగిస్తే రెండేళ్ళకే కారుతుంది.

రేకు మీద గ్రైండరు పట్టొద్దు, రేకు కోతకు కత్తెర వాడండి. గ్రైండరు నుంచి ఎగిరిన ఎర్రటి రజను రేకు పూతలో గుచ్చుకుంటుంది. మొదటి వానకే గోధుమరంగు చుక్కలు కనబడతాయి, తర్వాత అక్కడే బెజ్జాలు పడతాయి. కోత తప్పనిసరైతే రేకు కిందకు దించి, దూరంగా తీసుకెళ్ళి కోసి, తడిబట్టతో తుడిచి ఎక్కించండి.

తలుపు గురించి ఒక మాట. ట్రాక్టరు ట్రక్కు లోపలికి రావాలంటే 10 అడుగుల వెడల్పు కావాలి. అంత వెడల్పు రోలింగు షట్టరు గాలికి పొంగి పక్క పట్టాల్లోంచి బయటికి వస్తుంది. ఆ క్షణంలో గాలి లోపల నిండి కప్పును కింద నుంచి తోస్తుంది. బయటికి తెరుచుకునే రెండు రెక్కల ఇనుప తలుపు, రెక్కకు నాలుగు బందులు, లోపల నుంచి అడ్డంగా పెట్టే మూడంగుళాల పైపు గడియ, పైనా కిందా కాంక్రీటులోకి దిగే చువ్వ గడియలు. ఇదే మేలు.

గచ్చు అయిదంగుళాలు. కింద ఆరంగుళాల రాయి చేత్తో పేర్చి, సందుల్లో క్రషర్ బూడిద కొట్టి తడపాలి. పోసిన మర్నాడే 10 అడుగులకొక గీత, అంగుళంపావు లోతు కోసేయాలి. కోయకపోతే గచ్చు తనకు నచ్చిన చోట పగులుతుంది, సాధారణంగా వైసు బల్ల కిందే. పని బల్ల ఉత్తరపు కిటికీ కింద పెట్టుకుంటే రోజంతా నీడ పడని వెలుతురు. ఎత్తు మీ మణికట్టు దగ్గరికి, దాదాపు 34 నుంచి 36 అంగుళాలు. రంపపు యంత్రానికీ రంధా యంత్రానికీ ముందూ వెనకా ఎనిమిదేసి అడుగుల ఖాళీ ఉంటేనే పొడుగు చెక్క తిరుగుతుంది. వెల్డింగు మూలకూ రంపం పొట్టుకూ మధ్య గోడ తప్పదు.

ఇంటి గోడలు అక్కడి మట్టితోనే

వంద చదరపు అడుగుల తొమ్మిదంగుళాల గోడకు ఫ్లైయాష్ ఇటుకలు 900 దాకా కావాలి. బరువు మూడు టన్నులు, ఒక ట్రిప్పు పూర్తిగా దానికే. గతుకుల బాటలో పదో వంతు విరుగుతాయి. కొండవార ఎర్ర నేల ఉన్నవాళ్ళు అక్కడే యంత్రంతో సిమెంటు మట్టి దిమ్మెలు ఒత్తుకుంటే అదే గోడకు 350 దిమ్మెలు, నాలుగు బస్తాల సిమెంటు చాలు.

పై అడుగున్నర మట్టి వేళ్ళతో, ఎరువుతో ఉంటుంది, తీసి తోటకు వాడుకోండి. దాని కింది మట్టి జల్లించి సీసాలో నీళ్ళతో కుదిపి ఒక రోజు ఉంచితే పొరలు తేరతాయి. ఇసుక వంతు 60 నుంచి 65 శాతం, బంకమట్టి 10 నుంచి 15 శాతం ఉంటే సరిపోతుంది. బంక ఎక్కువైతే ఏటి ఇసుక కలపాలి, కలపకపోతే దిమ్మె ఆరేటప్పుడు నెరలిస్తుంది. నల్లరేగడితో అసలు చేయొద్దు. సిమెంటు 7 శాతం. తేమ ఎంతో తెలియాలంటే పిడికెడు మిశ్రమం గట్టిగా నొక్కి ఉండ చేసి నడుమెత్తు నుంచి వదలండి. నాలుగైదు ముక్కలైతే సరి, పొడి రాలితే నీళ్ళు చాలవు, ముద్దగా అతుక్కుంటే ఎక్కువ. సిమెంటు కలిపిన గంటలోపు ఒత్తేయాలి కాబట్టి ఒక్కసారికి అర బస్తా మించి కలపొద్దు. ఒత్తిన దిమ్మెలను రెండు రోజులు ప్లాస్టిక్ కప్పి నీడలో ఉంచి, తర్వాత తాటాకుల కింద 21 రోజులు తడపాలి. ఈ పని షెడ్డులో జరగాలి. ఎండలో పెట్టిన దిమ్మె పైకి గట్టిగా కనబడి లోపల పొడిగానే ఉంటుంది. గోడ మొదలుపెట్టే ముందు ఒక దిమ్మెను ఒక రోజంతా నీళ్ళలో ముంచి తీయండి. అంచులు చేతికి రాలితే ఆ వాయి గోడకు పనికిరాదు. వరద నీరు తాకే జాగాలో ఈ దిమ్మెలు వద్దు, అక్కడ ఇటుకే.

బేస్‌మెంటు రాతితో, నేల మీద రెండు నుంచి రెండున్నర అడుగులు. మన కొండల్లో ఎక్కువగా దొరికే ఎర్రచారల ఖొండలైటు సులువుగా పగులుతుంది, కానీ ముదిరినది నీరు పీల్చి పొరలుగా ఊడుతుంది. సుత్తితో కొడితే ఖంగున మోగే నల్లరాయి తీసుకోండి. పునాది కందకంలో, బేస్‌మెంటు నింపే మట్టి మీద చెదల మందు తప్పదు. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందు లీటరు నీటికి 2.1 ఎం.ఎల్. చొప్పున, చదరపు మీటరుకు 5 లీటర్లు. బావి పక్కన మాత్రం కొట్టొద్దు.

బేస్‌మెంటు మీద గోడలన్నిటినీ చుట్టే ఒక కాంక్రీటు బెల్టు, కిటికీల పైన లింటెల్ దగ్గర ఇంకొకటి, గోడ కొసన మరొకటి. ఒక్కోటి ఆరంగుళాల మందం, 10 ఎం.ఎం. చువ్వలు నాలుగు, 6 ఎం.ఎం. రింగులు ఆరంగుళాలకొకటి. మూలల దగ్గర చువ్వ కోసేసి ఆపడం చాలాచోట్ల కనబడుతుంది. చువ్వ మూల తిరిగి రెండో గోడలోకి రెండడుగులు వెళ్ళాలి, లేకుంటే బెల్టు వేసీ లాభం లేదు.

కప్పు దగ్గర మీ మనుషుల లెక్క చూసుకోండి. 24 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఇంటికి అయిదంగుళాల స్లాబంటే 68 బస్తాలు, దాదాపు 680 కిలోల చువ్వలు, ఇరవై మంది, మిక్సరు, అన్నీ ఒక్క రోజులో. తీరంలో స్లాబే మంచిది. మిక్సరు చెడిపోతే ఎక్కడ ఆపాలో ముందే గీత గీసి ఉంచుకోండి: గది నడిమి భాగంలో, చెక్క అడ్డం పెట్టి నిటారు అంచుగా. గోడ దగ్గర ఆపకూడదు. అంతమందిని కూడగట్టలేని కొండ జాగాల్లో నాలుగు వాలుల కప్పు కట్టండి. అది గాలికి ఏ వైపు నుంచీ చిక్కదు. తీరపు పల్లెల చుట్టిళ్ళు గుండ్రంగా, చూరు నేలకు దిగినట్టు ఉండడంలో ఇదే కిటుకు. పై బెల్టులో 12 ఎం.ఎం. బోల్టులు మూడడుగులకొకటి ముందే పాతి, వాసాలకు ఇనుప పట్టీలతో బిగించాలి. నాటు పెంకు చల్లగానే ఉంటుంది గానీ కోతులున్న చోట ఏటా సగం మార్చాలి.

నీరు, మరుగుదొడ్డి

కట్టుబడికి నీళ్ళు ముందు, కాబట్టి బావో బోరో షెడ్డు కంటే ముందు. తీరపు ఇసుక నేలల్లో లోతుకు పోయి గట్టిగా తోడితే ఉప్పునీరు పైకి వస్తుంది, అక్కడ తక్కువ లోతు బావి, చిన్న మోటారే మేలు. తాగే నీటిని గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో పరీక్ష చేయించండి: ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము, నైట్రేటు 45, కరిగిన లవణాలు 500 లోపు ఉండాలి. ఉద్దానం కిడ్నీ జబ్బుకు అసలు కారణం మీద శాస్త్రవేత్తలకే ఇంకా ఏకాభిప్రాయం లేదు. అందుకే అక్కడ పరీక్ష బాగున్నా హిరమండలం నుంచి వచ్చే పైపు నీరు అందుతుంటే తాగడానికి అదే వాడండి. 60 చదరపు మీటర్ల కప్పు మీద 1,000 ఎం.ఎం. వానకు 48,000 లీటర్ల నీరు పట్టుకోవచ్చు, పనులకు అది చాలా ఆసరా.

మరుగుదొడ్డికి రెండు గుంతలు, మీటరు వెడల్పు, మీటరుంబావు లోతు, ఒకటి నిండాక రెండోది. బావికి 50 అడుగుల దూరం, పల్లం వైపు. గుంత అడుగు భాగానికీ వానాకాలపు నీటి మట్టానికీ రెండు మీటర్ల తేడా లేని చోట సెప్టిక్ ట్యాంకే కట్టాలి.

కరెంటు

వ్యవసాయ కనెక్షన్‌తో వర్క్‌షాపు నడపడం నేరం, పైగా త్రీఫేజు రోజుకు కొన్ని గంటలే ఉంటుంది. ఈపీడీసీఎల్‌కు (కరెంటు పంపిణీ సంస్థ) దరఖాస్తు పెట్టేటప్పుడు ఇంటికీ షెడ్డుకూ వేర్వేరు మీటర్లు అడగండి. లైను చివర ఉన్నవాళ్ళకు వోల్టేజీ పడిపోతుంది, దానికి తోడు మన తీగా సన్నగా ఉంటే మోటారు కాలుతుంది. 2 హెచ్‌పీ సింగిల్ ఫేజు మోటారు పదిన్నర ఆంపియర్లు లాగుతుంది. 100 మీటర్ల దూరానికి 2.5 చదరపు ఎం.ఎం. రాగి తీగ వేస్తే దారిలోనే 15 వోల్టులు పోతాయి, స్టార్టయ్యే క్షణంలో 50 దాకా. 4 చదరపు ఎం.ఎం. వేస్తే నష్టం 10 వోల్టులలోపే.

వెల్డింగుకు 2.5 ఎం.ఎం. రాడ్డు 80 ఆంపియర్లలో కాల్చాలంటే ఇన్వర్టరు మెషీనుకు 3 కేవీఏ పైన కావాలి, 5 కేవీఏ జనరేటరు సరిపోతుంది. 3.15 ఎం.ఎం. రాడ్డుకు ఏడున్నర కేవీఏ. చిన్న జనరేటరు మీద పెద్ద రాడ్డు కాలిస్తే ఆర్క్ మాటిమాటికీ ఆరిపోయి, అతుకు పైకి నున్నగా ఉన్నా లోపల పట్టు ఉండదు. ట్రస్సు అతుకులు అలా చేయొద్దు.

ఇంటికి మాత్రం సోలారు హాయి. తక్కువ కరెంటు ఫ్యాన్లు నాలుగు, లైట్లు, చిన్న ఫ్రిజ్ కలిపి రోజుకు రెండున్నర యూనిట్లు. కిలోవాటు ప్యానెళ్ళు మామూలు రోజుల్లో 4 యూనిట్లు ఇస్తాయి, ముసురులో సగం కూడా రావు. 150 ఏహెచ్ ట్యూబులరు బ్యాటరీలు నాలుగు పెట్టి సగం వరకే వాడితే మూడున్నర యూనిట్లు నిల్వ. ప్యానెళ్ళు కప్పు మీద కాకుండా నేల మీద, నడుమెత్తు స్టాండుకు బోల్టులతో బిగిస్తే తుఫానుకు ముందు ఇద్దరు మనుషులు అరగంటలో విప్పేస్తారు. ఎర్తింగుకు 8 అడుగుల జీఐ పైపు రెండు చోట్ల, బోర్డులో షాకు తగిలితే కరెంటు ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, పిడుగులకు సర్జ్ ప్రొటెక్టరు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములు వినబడగానే వెల్డింగు మెషీను ప్లగ్గు తీసేయడం అలవాటు చేసుకోండి.

తుఫాను హెచ్చరిక వచ్చాక

రెండు రోజుల ముందు ప్యానెళ్ళు దించి షెడ్డులో గోడవార పడుకోబెట్టండి. బయట పడి ఉన్న రేకు ముక్కలు, చెక్కలు, ఖాళీ డ్రమ్ములు లోపలికి తేవాలి, గాలిలో అవే మీ కిటికీలను పగలగొడతాయి. గ్యాసు, ఆక్సిజన్ సిలిండర్లు నిలువుగా గొలుసులతో కట్టి, వాల్వులు మూయాలి. నీళ్ళ ట్యాంకు నిండా నింపండి, ఖాళీ ట్యాంకు ఎగురుతుంది. పైగా తర్వాత కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు, తిత్లీ తర్వాత ఉద్దానం పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. జనరేటరుకు 20 లీటర్ల డీజిలు, చెట్లు కోసే రంపానికి పెట్రోలు, కొత్త గొలుసు ఒకటి సిద్ధంగా పెట్టుకోండి, బాట మీద పడిన జీడి, కొబ్బరి చెట్లు మీరే కోసుకుని బయటపడాలి. తుఫాను కన్ను మీ మీదుగా పోతే గాలి ఒక్కసారిగా ఆగుతుంది. అప్పుడు రేకులు సరిచేయడానికి కప్పెక్కొద్దు. కాసేపట్లో అదే గాలి ఎదురు దిక్కు నుంచి కొడుతుంది కాబట్టి, ఆ సమయంలో రెండో వైపు తలుపు, కిటికీల గడియలు మాత్రం చూసుకుని లోపలే ఉండండి.